ఒకే పెట్టెలో ఎన్ని కాలాలు: ‘1905 గ్రామఫోన్’ పరీక్ష

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ పెద్ద ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోన్‌ను పరీక్ష కోసం నా దగ్గరికి తెచ్చారు. అమ్మిన వ్యాపారి దాన్ని ‘1905 నాటి అసలైన హెచ్.ఎం.వి.’ అని చెప్పాడు. ధర 85,000 రూపాయలు. మాస్టారు 20,000 బయానా ఇచ్చారు. పదిహేను రోజుల్లో నచ్చకపోతే పెట్టె వెనక్కి తీసుకుని బయానా తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకున్నారు. పాత వస్తువులు కొనేవాళ్లలో ఇంత జాగ్రత్తపడేవాళ్లు అరుదు. ఈ కేసు పెద్ద నష్టం లేకుండా ముగిసిందంటే ఆ కాగితం వల్లనే.

ఆయన కొంటున్నది హాల్లో అలంకారానికి కాదు. వాళ్ల నాన్నగారు 1930ల నుంచి 1950ల దాకా పోగుచేసిన గ్రామఫోన్ ప్లేట్లు (రికార్డులు) ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఎక్కువ భాగం నాటక పద్యాలు, కొన్ని సినిమా పాటలు. అమెరికాలో ఉన్న కొడుకు వేసవికి వస్తాడు, అప్పటికి తాతగారి ప్లేట్లు ఆ కాలపు యంత్రం మీదే వినిపించాలని కోరిక. పెట్టె బల్ల మీద పెట్టగానే ఆయన అడిగింది ఇది: “అసలుదా నకిలీదా అన్నది తరవాత సంగతి బాబూ. దీని మీద మా నాన్నగారి ప్లేటు పెట్టొచ్చా?”

నకిలీ గ్రామఫోన్ అనగానే అందరూ పోయిన డబ్బు లెక్కే చెబుతారు. ఈ పనిలో ఉన్నవాడిగా నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించే నష్టాలు రెండున్నాయి. అతుకుల పెట్టె ఒక్కొక్కటీ తయారు కావడానికి ఎక్కడో ఒక మంచి పోర్టబుల్ గ్రామఫోన్‌ను విప్పి దాని మోటారు పీకేస్తారు. ఆ పెట్టె ఇంటికి వచ్చాక దాని మీద వేసిన ప్లేట్లు అరిగిపోతాయి. మోటారు పోయిన పోర్టబుల్ ఎలాగూ తిరిగి రాదు. ప్లేటు మీద పాటను మోసే సన్నటి గాడి అరిగితే అందులోని గొంతు కూడా రాదు. నాటక పద్యాల ప్లేట్లలో చాలావాటికి మాస్టర్లు (ప్లేట్లు ఒత్తే మూల అచ్చులు) మిగల్లేదు, ఇళ్లలో ఉన్న ప్రతులే మిగిలిన ఆధారం. అందుకే ఏ పెట్టె వచ్చినా ‘ఇది ఏ కాలానిది’ అన్న ప్రశ్నతో పాటు ‘ఇది ప్లేటును ఏం చేస్తుంది’ అన్న ప్రశ్నకూ విడిగా జవాబు రాస్తాను.

ఈ పెట్టెలు ఎలా పుడతాయో కొంచెం చెప్పాలి. ముంబయి చోర్ బజారులోని మటన్ స్ట్రీట్ లాంటి పాత సామాను వీధుల్లోనూ, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ కనిపించే బాకా గ్రామఫోన్లలో చాలావరకు ఇటీవలి దశాబ్దాల్లో మన దేశంలోనే తయారైనవి. ఇక్కడి నుంచి ఇవి ప్రపంచమంతటా వెళ్లాయి. ఐరోపా, అమెరికా సేకర్తలు ఈ బాణీని చూడగానే ఇండియా పేరే చెబుతారు. ఇత్తడి రేకును బాకాగా సాగగొట్టే పనివాడి చేతిలో నిజమైన నైపుణ్యం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కొత్తదని చెప్పి అమ్మితే అది మంచి అలంకార వస్తువు. కొత్త పెట్టె, కొత్త బాకా, కొత్త టోన్‌ఆర్మ్ (ముల్లు వైపు నుంచి బాకా వైపు శబ్దాన్ని మోసే గొట్టం) చేసుకోవచ్చు కానీ కీ ఇస్తే తిరిగే స్ప్రింగు మోటారును కొత్తగా చేయడం ఖర్చుతో కూడిన పని. దానికోసం 1920ల నుంచి వచ్చిన పోర్టబుళ్లను బలిపెడతారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పరీక్షలో సగం దారి దొరికినట్లే.

నేను మొదట పేరు బిళ్ల వైపు చూడను. బిళ్ల చేయించడం అన్నిటికంటే సులువు. యంత్రంలో రెండు దారులుంటాయి. హ్యాండిల్ తిప్పిన బలం స్ప్రింగు గుండా, పళ్ల చక్రాల గుండా ప్లేటును తిప్పే గుండ్రటి ప్లేటు బల్ల దాకా నడిచే దారి ఒకటి. ముల్లు దగ్గర పుట్టిన శబ్దం సౌండ్‌బాక్స్ (ముల్లును పట్టుకుని దాని ఊపును శబ్దంగా మార్చే గుండ్రటి డబ్బా), టోన్‌ఆర్మ్, మోచేయి (బాకాకు కలిపే వంపు గొట్టం) గుండా బాకా అంచు దాకా నడిచే దారి మరొకటి. ఈ రెండు దారుల్లో ఎదురయ్యే భాగాలన్నీ ఒకే కాలానివా, ఒకదానికోసం మరొకటి చేసినవా అని చూసుకుంటూ వెళతాను.

హ్యాండిల్ రంధ్రం దగ్గరే మొదటి అనుమానం వచ్చింది. రంధ్రం పెట్టె పైఅంచుకు బాగా దగ్గరగా ఉంది. పైపలక ఎత్తి చూస్తే పెట్టె లోపలి లోతు 18 సెంటీమీటర్లు, పలక కింద వేలాడుతున్న మోటారు అందులో సగం కూడా లేదు. కింద అంతా ఖాళీ. 1905 ప్రాంతపు బాకా యంత్రాల్లో మోటారు పెద్దది, బరువైనది. పెట్టెను దాని కొలతకే చేసేవారు. సూట్‌కేసులా మూసుకునే పోర్టబుల్‌కు మాత్రం పలచటి మోటారు కావాలి. లోతైన పెట్టెలో పలచటి మోటారు వేలాడుతోందంటే అది మరెక్కడో పుట్టి ఇక్కడికి వచ్చిందని అర్థం.

మోటారును దించి మడ్డి తుడిస్తే మోటారు పలక మీద గారార్డ్ ముద్ర కనిపించింది. ఇంగ్లండుకు చెందిన గారార్డ్ కంపెనీ పుట్టిందే 1915లో. గ్రామఫోన్ స్ప్రింగు మోటార్లు చేయడం మొదటి ప్రపంచయుద్ధం ముగిశాకే మొదలుపెట్టింది. 1905 నాటి యంత్రంలో అది ఉండే వీలు లేదు. పాత యంత్రానికి మధ్యలో ఎవరైనా మోటారు మార్చి ఉండవచ్చు కదా అని మాస్టారు అడిగారు. న్యాయమైన సందేహం, అలా మార్చిన అసలైన యంత్రాలు నేను చూశాను. అలాంటి చోట పాత మోటారు బిగించిన రంధ్రాలు పెట్టె పైపలకకు మిగిలి ఉంటాయి, లేదా వాటిని పూడ్చిన చెక్క బిరడాలైనా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి కారిన నూనె పెట్టె అడుగు చెక్కలోకి ఇంకి నల్లటి మచ్చ కడుతుంది. ఇక్కడ పలకకు ఉన్నవి ఈ మోటారు రంధ్రాలే, అదీ నిన్న తొలిచినంత తాజాగా. అడుగు చెక్క మీద నూనె మచ్చ లేదు. పైకి ముదురు రంగు పూసి ఉంది, గోటితో గీరితే లోపల లేత చెక్క బయటపడింది. ఆ పలక ప్లైవుడ్, మీద పలచటి మేలు చెక్క పొర అతికించారు.

మరలు కూడా చాలా చెప్పాయి. మోటారును పలకకు బిగించిన స్క్రూల్లో రెండిటి తలల మీద ప్లస్ గుర్తు గాడి ఉంది. ఆ రకం స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు 1930లలో వచ్చాయి. అవి మరమ్మతులో చేరి ఉండవచ్చు కాబట్టి వాటిమీదే తీర్పు ఇవ్వను. కానీ బాకాను మోసే వెనక బ్రాకెట్‌ను పెట్టెకు బిగించిన బోల్టులను నా 10 మిల్లీమీటర్ల పానా సరిగ్గా పట్టింది. విప్పి కొలిస్తే ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ మర. ఆ కాలపు బ్రిటిష్ యంత్రాల్లో ఉండేవి విట్‌వర్త్, బి.ఏ. కొలతల మరలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. ఒక బోల్టు మారిందంటే నమ్మవచ్చు. ఇక్కడ బ్రాకెట్ పోతలోనే మెట్రిక్ మర కోసి ఉంది. అంటే బ్రాకెట్ పుట్టుకే ఆ తరవాతిది. దాని లోపలివైపు ఇసుక అచ్చు గరుకు అలాగే ఉంది, ఆకురాయి కూడా తగల్లేదు.

ఇక శబ్దం దారి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. తొందరపడే కొనుగోలుదారు చూడనిది కూడా ఇదే.

మొదటి తరం గ్రామఫోన్లలో సౌండ్‌బాక్స్‌తో పాటు బాకా బరువులో కొంత కూడా ప్లేటు మీద పడేది. 1903 ప్రాంతంలో టోన్‌ఆర్మ్ వచ్చాక బాకాను వెనక బ్రాకెట్ మోస్తుంది, ముల్లుతో పాటు కదిలేది పలచటి గొట్టం ఒక్కటే. ఆ గొట్టం సౌండ్‌బాక్స్ దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ క్రమంగా వెడల్పవుతుంది. బ్రాకెట్, మోచేయి, బాకా అదే వెడల్పును అందుకుని పెంచుకుంటూ పోతాయి. ఆ పెరుగుదల ఎక్కడా తెగకూడదు. గొట్టం ఒక్కసారిగా వెడల్పైనా, ఇరుకైనా శబ్దంలో కొంత అక్కడే తాకి వెనక్కి మళ్లుతుంది.

ఈ పెట్టె టోన్‌ఆర్మ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం ఉన్న ఇత్తడి గొట్టం. లోపలి వ్యాసం 18 మిల్లీమీటర్లు. అది చేరే బ్రాకెట్ రంధ్రం 26, దాని మీద కూర్చునే మోచేయి 35. రెండు మెట్లు. మోచేయిని వంచి సాగదీసింది కూడా కాదు, గొట్టాన్ని ముక్కలుగా ఏటవాలుగా కోసి మాటు వేసి వంపు తెచ్చారు. లోపలికి టార్చి వేస్తే ప్రతి అతుకు దగ్గరా మాటు గడ్డలు కనిపించాయి. తరవాత అగరుబత్తి వెలిగించి, చిన్న రబ్బరు బుడ్డితో పొగను టోన్‌ఆర్మ్ మూతి నుంచి లోపలికి ఊదాను. అసలైన యంత్రాల్లో కూడా బ్రాకెట్ కీలు కాస్త వదులుగానే ఉంటుంది, అక్కడి గ్రీజు పొర గాలిని ఆపుతుంది. ఇక్కడ పొగ బాకా దాకా చేరకముందే కీలు చుట్టూ గుప్పుమని బయటికి వచ్చింది. మాస్టారు పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నేను ఏమీ చెప్పకముందే “మా నాన్నగారి పద్యం కూడా ఇక్కడే కారిపోతుందన్నమాట” అన్నారు.

బాకా ఎనిమిది రేకులది, అంచున లతలు ఒత్తారు. చూడ్డానికి అందంగానే ఉంది. చెవి పెట్టి గోటితో తడితే సన్నగా గరగరలాడింది. మందం లేని రేకు కొన్ని స్వరాల దగ్గర తనే మోగుతుంది, ఆ మోత పాటలో కలుస్తుంది. పాతదనం కోసం ముడతల్లో చిలుము పట్టించారు. దశాబ్దాల మీద పట్టిన చిలుము లోహాన్ని కరుచుకుని ఉంటుంది, గట్టిగా రుద్దినా అంత తేలికగా వదలదు. ఇది తడి దూదితో తుడవగానే ఆకుపచ్చ పొడిగా ఊడి వచ్చింది. బాకా గొంతు లోపల, చెయ్యి పట్టని చోట, ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. అసలైన పాత బాకాలో అందరికంటే ముదుసలి చోటు అదే అయి ఉండాలి, అక్కడ ఎవరూ తుడవరు.

అయస్కాంతం పరీక్ష గురించి ఇక్కడ ఒక మాట. అయస్కాంతం అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు అని చాలామంది చెబుతుంటారు. అది నమ్మకండి. ఆ కాలపు పూలరేకుల బాకాల్లో ఎన్నో ఉక్కు రేకుకు రంగు వేసినవే, వాటికి అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. ఈ నకిలీ బాకా స్వచ్ఛమైన ఇత్తడి, దీనికి అంటుకోలేదు. ఆ పరీక్షనే నమ్ముకుంటే నకిలీది అసలుదిగా తేలేది.

అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం సౌండ్‌బాక్స్. ‘ఎగ్జిబిషన్’ అనే పాత నమూనా సౌండ్‌బాక్స్‌కు నకలు ఇది. అసలు ఎగ్జిబిషన్‌లో గుండ్రటి అభ్రకం బిళ్ల ఉంటుంది. దాని అంచును రెండువైపులా మెత్తటి రబ్బరు గొట్టాలు పట్టుకుంటాయి. ముల్లు బిగించిన చిన్న కడ్డీ పదునైన అంచుల మీద నిలబడి, సన్నటి స్ప్రింగుల బిగింపుతో అటూ ఇటూ ఊగుతుంది. గాడి గోడలు ముల్లును ఎటు నెడితే అటు తేలిగ్గా ఒదగడం దాని పని. ఆ ఊపు కడ్డీ పైకొన నుంచి అభ్రకానికి చేరి శబ్దమవుతుంది. ఈ నకలును విప్పితే అభ్రకం స్థానంలో ప్లాస్టిక్ రేకు, రబ్బరు గొట్టం స్థానంలో సైకిల్ ట్యూబు కత్తిరించిన ముక్క, స్ప్రింగుల స్థానంలో గట్టిగా బిగించిన రెండు స్క్రూలు. గూడూరు అభ్రకం గనుల పేరు విని పెరిగినవాడిగా ఆ ప్లాస్టిక్ రేకును చూసి నాకు మనసు చివుక్కుమంది. ఎక్కడ బిళ్ల మారినా సరిచేయవచ్చు. బిగుసుకున్న కడ్డీ మాత్రం ప్లేటుకు శత్రువు. ముల్లు ఒదగలేకపోతే గాడి గోడే ఒదగాలి. లక్కతో, రాతిపొడితో చేసిన గోడ ఒదగలేదు, చిట్లుతుంది.

బరువు తూచాను. ముల్లు కొన దగ్గర 210 గ్రాములు. నా బల్ల మీదున్న హెచ్.ఎం.వి. పోర్టబుల్‌లో అదే కొలత 130 గ్రాముల దరిదాపు. కోణం కూడా చూశాను. ప్లేటును పైనుంచి చూస్తే సౌండ్‌బాక్స్ ముఖం గాడి పోయే దిశలోనే ఉండాలి, ముల్లు ఆ గాడిలో నేరుగా సాగాలి. ఏ టోన్‌ఆర్మ్‌లోనైనా కొన్ని డిగ్రీల తేడా తప్పదు, దాన్ని తగ్గించడానికే కీలు ఎక్కడ ఉండాలో, గొట్టం ఎంత పొడవుండాలో లెక్కకట్టి చేశారు. ఇక్కడ గొట్టం పొట్టిది. లోపలి గాడుల దగ్గరికి వచ్చేసరికి తేడా 25 డిగ్రీలు దాటింది. ముల్లు గాడిలో అడ్డంగా ఈడ్చుకుపోతోందన్నమాట.

ప్రయోగం కోసం విలువ లేని, అంచు విరిగిన ప్లేట్లు కొన్ని దగ్గర ఉంచుకుంటాను. ఎవరి ప్లేటునూ పరీక్షకు వాడను. అలాంటి ప్లేటు ఒకటి తీసుకుని, కొత్త ఉక్కు ముల్లు పెట్టి, సగం దాకా ఆడించి ఆపాను. ప్లేటు మిశ్రమంలో రాతిపొడి కలిపేది ముల్లును తొలి చుట్లలోనే గాడి ఆకారానికి అరగదీయడానికి కూడా. అందుకే ప్రతి వైపుకూ కొత్త ముల్లు పెట్టాలి. సరైన యంత్రం మీద కొంచెం నల్లపొడి రావడం మామూలే. ఇక్కడ ముల్లు చుట్టూ పొడి కుప్పగా చేరింది. పదింతలు పెద్దదిగా చూపే అద్దం కింద ముల్లు కొన ఉలిలా చదునైంది, ఒకవైపు భుజం తేలింది. ఆడిన మేర ప్లేటు నల్లని నిగారింపు పోయి బూడిదరంగు పట్టీ పడింది. ఆడని సగం పక్కనే నల్లగా మెరుస్తోంది. అద్దం మాస్టారి చేతికి ఇచ్చాను. చాలాసేపు చూసి, ఒళ్లో పెట్టుకున్న సంచిని పక్క కుర్చీ మీదికి మార్చారు. ఆయన వెంట తెచ్చుకున్న రెండు ప్లేట్లు అందులో ఉన్నాయి.

ఇంత అయ్యాకే పేరు బిళ్ల దగ్గరికి వచ్చాను. కుక్క బాకా ముందు కూర్చున్న హెచ్.ఎం.వి. (హిజ్ మాస్టర్స్ వాయిస్) బొమ్మను గీసింది ఫ్రాన్సిస్ బారో. మొదట గీసినప్పుడు కుక్క ముందు ఉన్నది ఎడిసన్ ఫోనోగ్రాఫ్. 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనేటప్పుడు దాని స్థానంలో గ్రామఫోన్‌ను గీయించింది. అప్పటినుంచీ యంత్రాలన్నిటి మీదా ఈ బొమ్మే ఉందని చాలామంది అనుకుంటారు. కానీ 1900 చివరి నుంచి 1907 దాకా ఆ బ్రిటిష్ కంపెనీ పేరు గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్, దాని గుర్తు ప్లేటు మీద రాస్తున్న దేవదూత. ఆ కంపెనీ ప్లేట్ల లేబుళ్ల మీదికి కుక్క వచ్చింది 1909లో. 1902లో ఆ కంపెనీ రికార్డింగు నిపుణుడు గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు కూడా ఆ ప్లేట్ల మీద ఉన్నది దేవదూతే. కాబట్టి ‘1905’, ‘హెచ్.ఎం.వి.’ అన్న రెండు మాటలు ఒకే బిళ్ల మీద కలిసి కనిపిస్తే ఆ బిళ్ల తనకు తానే ఎదురు సాక్ష్యం చెబుతున్నట్లు. ఈ బిళ్ల కింద కొట్టిన మేకులు కూడా ఇంకా మెరుస్తున్నాయి.

ప్లేటు బల్ల ఒక్కటి నిజంగా హెచ్.ఎం.వి. పోర్టబుల్‌దే. అది చూసినప్పుడు సంతోషం కలగలేదు.

మాస్టారికి మరో సందేహం ఉంది. పెట్టెను తరవాత కొడుకుతో అమెరికా పంపించవచ్చా అని. వ్యాపారి “మేమే ప్యాక్ చేసి పంపిస్తాం” అన్నాడట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి కళా, శాస్త్ర సంబంధ వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అనుమానం ఉన్న వస్తువుకు అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. 1905 నాటిదని ఒట్టు వేసి అమ్ముతూనే విదేశాలకు పంపిస్తానని చెప్పే వ్యాపారి ఆ రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతున్నట్లే. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడి దుకాణాల నుంచి ఇలాంటివి తెప్పించుకునేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడాలి: “పురావస్తువు కాదన్న పత్రం ఇస్తారా?” జవాబును బట్టి వస్తువు వయసు తెలిసిపోతుంది.

నివేదికలో ఇలా రాశాను. మోటారు 1920లలోనో ఆ తరవాతో పుట్టిన పోర్టబుల్‌ది, అసలైనది. వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌లోని మూడు రేకు స్ప్రింగుల్లో ఒకటి డబ్బారేకుతో మార్చారు, అందుకే వేగం నిలకడగా లేదు. ప్లేటు బల్ల మరో పోర్టబుల్‌ది. పెట్టె, బ్రాకెట్, టోన్‌ఆర్మ్, మోచేయి, బాకా, సౌండ్‌బాక్స్, బిళ్ల ఇటీవల చేసినవి. అలంకారానికి పనికి వస్తుంది. ఏ ప్లేటూ దీని మీద ఆడించకూడదు. చివరి వాక్యం కింద గీత గీశాను.

వ్యాపారితో ఫోనులో నేనే మాట్లాడాను. “మోటారు పాతదే కదండీ” అన్నాడు. పాతదేనని ఒప్పుకున్నాను. మిగతావాటి గురించి ఒక్కొక్కటే అడిగాను. గారార్డ్ పేరు, 10 పానా సంగతి చెప్పేసరికి వాదన ఆగిపోయింది. రాసిచ్చిన కాగితం ఉంది కాబట్టి బయానా తిరిగి వచ్చింది. రవాణా ఖర్చు మాస్టారు పెట్టుకున్నారు. ‘కొత్త పెట్టె, పాత మోటారు’ అని బిల్లులో రాసి తగిన ధరకు అమ్ముకోమని అతనికి చెప్పాను. అతను సరేనన్నాడు.

తరవాత మాస్టారు అడిగిన ప్రశ్న చాలామందికి తట్టదు. “పోనీ, నిజమైన 1905 యంత్రమే దొరికితే?” దొరికినా ఆయనకు వద్దనే చెప్పాను. 1925కు ముందు రికార్డింగు బాకా ముందు నిలబడి పాడటమే. ఆ తరవాత మైక్రోఫోన్ వచ్చింది. ట్రంకు పెట్టెలోని ప్లేట్లన్నీ 1930ల నుంచి వచ్చినవి, అంటే మైక్రోఫోన్ ముందు పాడినవి. వాటి గాడుల్లో బలమూ ఎక్కువ, స్వరాల విస్తారమూ ఎక్కువ. పాత ఎగ్జిబిషన్ సౌండ్‌బాక్స్ ఎంత అసలైనదైనా వాటికోసం చేసింది కాదు. ఆయన ప్లేట్లకు సరిజోడి హెచ్.ఎం.వి. 102 లాంటి పోర్టబుల్. 1931లో మొదలై పాతికేళ్లకు పైగా తయారైన నమూనా అది. బాకా బయటికి కనిపించదు, పెట్టెలోనే మడిచి ఉంటుంది. షోకేసులో పెట్టుకునేవాళ్లకు అది నచ్చదు. ప్లేట్లు వినేవాళ్లకు అంతకంటే నమ్మకమైన యంత్రాన్ని చూపించడం కష్టం.

విప్పని 102 ఒకటి గుంటూరులో ఒక పాత ఇంట్లో దొరికింది. 28,000 రూపాయలకు బేరం కుదిరింది. దీన్నీ అదే పద్ధతిలో చూశాను. హ్యాండిల్ నుంచి స్ప్రింగు దాకా, ముల్లు నుంచి మడిచిన బాకా మూతి దాకా ఏ భాగమూ పరాయిది కాదు. మరలు బ్రిటిష్ కొలతలవి. మోటారు పలక కింద పాత గ్రీజు గట్టిపడి తేనెరంగు తేలింది. లోపాలు లేకపోలేదు. ఈ తరం సౌండ్‌బాక్స్‌ల వెనక పలకను జింకు మిశ్రమంతో పోత పోశారు. అది కాలంతో ఉబ్బి పగుళ్లు పడుతుంది. కొనేముందు పక్కగా వెలుతురు వేసి తప్పక చూడాల్సిన చోటు అదే. దీనికి వెంట్రుకవాసి పగులు ఒకటి ఉంది, ఇంకా విచ్చుకోలేదు. అంచు రబ్బరు రాయిలా గట్టిపడితే మార్చాను. స్ప్రింగు డబ్బా విప్పి పాత గ్రీజు కడిగి కొత్తది వేశాను. చుట్టుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విడిస్తే వేళ్లు తెగుతాయి. అలవాటు లేనివాళ్లు ఆ డబ్బా జోలికి వెళ్లవద్దు.

వేగం చూసేందుకు 77 గీతల బిళ్ల వాడతాను. మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే దీపం సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. ఆ వెలుగులో 77 గీతలు కదలకుండా నిలబడితే ప్లేటు నిమిషానికి 78 చుట్లకు ఒక్క వెంట్రుక తక్కువగా తిరుగుతున్నట్లు. చాలా ఎల్.ఇ.డి. బల్బుల కింద గీతలు స్పష్టంగా నిలవవు, అందుకే చోక్ ఉన్న పాత ట్యూబులైటు ఒకటి వర్క్‌షాపులో ఇంకా ఉంచాను. నకిలీ పెట్టె మీద ఆ గీతలు ముందుకీ వెనక్కీ తూలుతూ పోయాయి. 102 మీద ప్లేటు చివరిదాకా నిలిచాయి.

ట్రంకు పెట్టెలోని ప్లేట్లను మాస్టారు, నేను కూర్చుని మూడు దొంతరలు చేశాం. 1930, 40ల నాటక పద్యాలు 102 మీద వినవచ్చు, ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు, ఒక్కో ప్లేటు ఏడాదికి ఒకటి రెండుసార్లు మించకుండా. 1950ల సినిమా పాటలను ఏ కీ గ్రామఫోన్ మీదా పెట్టవద్దని, తేలికైన ఎలక్ట్రిక్ పికప్‌తోనే వినమని చెప్పాను. అవి వచ్చేనాటికి ఇళ్లలో రేడియోగ్రాములు (రేడియో, ఎలక్ట్రిక్ గ్రామఫోన్ కలిసిన పెట్టెలు) ఉన్నాయి, ప్లేట్లూ వాటికి తగ్గట్టే వచ్చాయి. మూడో దొంతర చిన్నది. బయట ఎక్కడా దొరకనివి, పగుళ్లు ఉన్నవి. అందులో ఒక ప్లేటుకు అంచు నుంచి పగులు నాలుగో గాడి దాకా వచ్చింది. దాన్ని నిలువుగా, గట్టి కవరులో, బరువు పడకుండా పెట్టి ఇచ్చాను. ముందు డిజిటల్ చేయించాల్సింది అదే. కొడుకు వచ్చాక మొదటి పని అదేనని మాస్టారు కవరు మీద పెన్సిలుతో రాసుకుని తీసుకెళ్లారు.